యార్డులో కంప్యూటరు - అడితి వ్యాపారికి మిగిలేదేమిటి?

ఓర్వకల్లు: కర్నూలు - నంద్యాల రోడ్డు మీద, కర్నూలుకు సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలో ఓర్వకల్లు వున్నది. లోగడ 18వ నంబరు జాతీయ రహదారిగా వ్యవహరించిన ఈ రోడ్డుకు ఇప్పుడు 40వ నంబరు. చుట్టుపక్కల మెట్ట పొలాల వేరుశెనగ, కంది, ఉల్లి ఈ రోడ్డు మీదుగానే కర్నూలు మార్కెట్టు యార్డుకు తరలుతున్నవి. ఒకప్పుడు బండి యార్డు గేటు దాటేవరకు ఆ నాటి ధర రైతుకు తెలిసేది కాదు. అడితి వ్యాపారికి మాత్రం ముందురోజు రాత్రే ట్రంకు కాల్ మీద పై మార్కెట్ల కబురు అందేది. రైతు తెలుసుకొనే వేళకూ, వ్యాపారి తెలుసుకొనే వేళకూ మధ్యనున్న ఆ పది పన్నెండు గంటల తేడాలో వ్యాపారికి కొంత లాభం దాగి వుండేది.

ఆ తేడా ఇప్పుడు లేదు. కళ్లంలో బస్తా కుట్టకముందే రైతు సెల్‌ఫోనులో కర్నూలు ధర, ఆదోని ధర, కావలిస్తే సరిహద్దుకు ఆవలనున్న రాయచూరు ధర కూడా కనిపిస్తున్నవి. కంప్యూటరు, సెల్‌ఫోను, బ్యాంకు ఖాతా - ఈ మూడూ కలిసి పల్లెకూ పట్నానికీ మధ్య వ్యాపారం జరిగే తీరును మార్చివేశాయి. ఈ మార్పువల్ల అడితి వ్యాపారి అక్కర తీరిపోతుందని కొందరూ, ఏమీ మారదని కొందరూ వాదిస్తున్నారు. రెండు వాదాలూ పూర్తిగా నిజం కావు. వ్యాపారి సంపాదన నిజానికి ఒకటి కాదు, మూడు. కబురు తెలిసినందుకు వచ్చేది ఒకటి, పెట్టుబడి అప్పు ఇచ్చినందుకు వచ్చేది రెండవది, సరుకు నాణ్యం తెలిసి దానిని సరియైన చోటికి చేర్చినందుకు వచ్చేది మూడవది. వీటిలో మొదటిది పోయింది. రెండవది మెల్లగా చేజారుతున్నది. మూడవది నిలిచి వున్నది. ఏది ఎందువల్ల పోతున్నదో, ఏది ఎందువల్ల నిలుస్తున్నదో విడివిడిగా చూడవలసి వుంటుంది.

కబురుకు వెల లేదు

ధరల సమాచారం ప్రజలకు బాహాటంగా అందజేయడం కొత్త సంగతి కాదు. ఆకాశవాణి ధరవరలు, దినపత్రికల వాణిజ్య పేజీలు ఎప్పటినుంచో వున్నవే. అయితే అవి ముగిసిన బేరాల ధరలను తెలిపేవి. 2000 సంవత్సరంలో కేంద్ర ప్రభుత్వం అగ్‌మార్క్‌నెట్ పేరిట దేశంలోని యార్డుల ధరలు, రాబడులు కంప్యూటరులో ఒకే చోట చూసుకొనే ఏర్పాటు చేసింది. 2016 ఏప్రిల్ 14న ఈ-నామ్ అనే జాతీయ ఎలక్ట్రానిక్ వ్యవసాయ మార్కెట్టు ప్రారంభమైంది. మొదట 8 రాష్ట్రాలలోని 21 యార్డులలో మొదలైన ఈ పద్ధతి 2023 మార్చి నాటికి 1,361 యార్డులకు విస్తరించింది. ఆంధ్రప్రదేశ్‌లో 33 యార్డులు ఇందులో చేరాయి. కర్నూలు, ఆదోని యార్డులు వాటిలోనివే.

ఈ పద్ధతిలో బేరం ఎలా సాగుతుందో యార్డులో వున్నవారికి విదితమే. గేటు దగ్గర సరుకు నమోదై లాటు నంబరు పడుతుంది. మచ్చు తీసి తేమ, మట్టి, పుచ్చు పరీక్షిస్తారు. లైసెన్సు వున్న వ్యాపారులు తమ ధరను కంప్యూటరులోనో, ఫోనులోనో వేస్తారు. ఒకరు వేసిన ధర మరొకరికి తెలియదు. గడువు ముగిశాక హెచ్చు పాట ఎవరిదో తెర మీద తేలుతుంది. రైతు సమ్మతిస్తే తూకం, బిల్లు, ఆపైన సొమ్ము బ్యాంకు ఖాతాకు. రైతుకు ఆ ధర నచ్చకపోతే సరుకు ఇవ్వనని చెప్పే హక్కు వున్నది.

పాత పద్ధతిలో బహిరంగ వేలం, లేదా తుండుగుడ్డ కింద వేళ్లతో బేరం. రెండింటిలోనూ అనుభవజ్ఞుడైన వ్యాపారి ఎదుటివాని ముఖం చూసి ఎంతవరకు వెళ్లగలడో అంచనా వేసేవాడు. నలుగురు వ్యాపారులు కూడబలుక్కొని పాట తగ్గించుకొనే అవకాశం కూడా వుండేది. రహస్య పాటలో ఆ వీలు తగ్గింది. పక్కవాడు ఎంత వేశాడో తెలియనప్పుడు, సరుకు నిజంగా కావలసినవాడు తనకు గిట్టే హెచ్చు ధరనే వేయవలసి వస్తుంది.

కబురు అందరికీ ఒకేసారి అందితే ధర ఏమవుతుందో చూపే మంచి ఉదాహరణ కేరళ తీరంలో వున్నది. 1997 నుంచి 2001 వరకు అక్కడ తీరప్రాంతానికి దశలవారీగా సెల్‌ఫోను సౌకర్యం వచ్చింది. అంతకుముందు జాలరులు తాము చేరిన రేవులో కొనేవారు లేకపోతే చేపలను పారబోసేవారు. పట్టిన చేపలో 5 నుంచి 8 శాతం ఇలా వృథా అయ్యేది. ఫోను వచ్చాక సముద్రం మీదనుంచే ఏ రేవులో గిరాకీ వున్నదో తెలుసుకొని పడవ తిప్పసాగారు. వృథా దాదాపు ఆగిపోయింది. జాలరుల లాభం సగటున 8 శాతం పెరిగింది, కొనేవారికి ధర 4 శాతం తగ్గింది. ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సెన్ 2007లో ప్రకటించిన ఈ లెక్కలు ఒక విషయం తేటపరుస్తున్నవి. అమ్మేవానికీ, కొనేవానికీ ఇద్దరికీ కలిగిన ఈ మేలు ఎవరి జేబు కొట్టి తెచ్చినది కాదు. వృథాగా పోయే సరుకు నిలిచినందువల్ల వచ్చినది.

తెర మీద కనిపించనిది

కేరళ చేపకూ, కర్నూలు వేరుశెనగకూ ఒక తేడా వున్నది. చేప రేవుకు చేరాక ఎవరైనా చూసి కొంటారు. కానీ ఈ-నామ్ అసలు ఉద్దేశం యార్డుకు రాని వ్యాపారి కూడా, దూరాన వున్న మిల్లు యజమాని కూడా తెర మీద చూసి పాట వేయాలని. ఈ భాగం ఆశించినంతగా నెరవేరలేదు. ఈ-నామ్ లావాదేవీలలో అత్యధిక భాగం ఒకే యార్డు లోపల, అక్కడి వ్యాపారుల మధ్యనే జరుగుతున్నవి. రాష్ట్రాల మధ్య జరిగే బేరాలు స్వల్పం.

కారణం వర్తకులకు తెలియనిది కాదు. వేరుశెనగ బస్తాకు ధర కట్టేది కాయకు కాదు, లోపలి గింజకు. పిడికెడు కాయలు ఒలిచి, గింజ ఎంత దిగుతుందో, నూనె ఎంత వుంటుందో, కాయలో నెమ్ము ఎంతో వేళ్లతోనే చెప్పగల వ్యాపారులు వున్నారు. ఆ సంగతులు తెర మీద అంకెలుగా రావాలంటే ప్రతి లాటుకూ మచ్చు తీసి పరీక్షించాలి. సీజనులో వందల లాట్లు ఒక్కసారి వచ్చిపడినప్పుడు పరీక్ష నామమాత్రం అవుతుంది. నాణ్యం మీద నమ్మకం లేనిచోట దూరపు వ్యాపారి పాట వేయడు. వేసినా, దించుకొనేటప్పుడు వచ్చే తగాదాకు ముందుగానే కొంత తగ్గించి వేస్తాడు.

పొరుగునున్న కర్నాటక అనుభవం ఇందుకు తోడ్పడుతున్నది. అక్కడ ఈ-నామ్ కంటే ముందే, 2014లో, యార్డులన్నిటినీ కంప్యూటరు వేలంతో కలిపే ఏకీకృత వేదిక ఏర్పడింది. దాని ఫలితాలపై 2020లో వెలువడిన ఒక పరిశీలన ప్రకారం ధాన్యం ధర 5.1 శాతం, వేరుశెనగ 3.6 శాతం, మొక్కజొన్న 3.5 శాతం మేరకు పెరిగినవి. పత్తి, పెసలు, కందులలో చెప్పుకోదగిన పెరుగుదల కనిపించలేదు. పద్ధతి ఒకటే అయినా ఫలితం సరుకును బట్టి మారింది.

వేరుశెనగలో 3.6 శాతం అంటే ఎంత? 2025-26 సీజనుకు కేంద్రం ప్రకటించిన వేరుశెనగ కనీస మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు. ఆ ధర మీద లెక్కిస్తే 3.6 శాతం దాదాపు 261 రూపాయలు. ఇరవై క్వింటాళ్ల రైతుకు 5,200 రూపాయలపై చిలుకు. రైతుకు ఇది చిన్న మొత్తం కాదు. వ్యాపారి మార్జినులోనుంచి చూసినా చిన్నది కాదు. ఇదివరకు ఈ సొమ్ములో ఎంతో కొంత కబురు తెలిసినవారి వాటాగా పోయేదన్నది స్పష్టం.

సంఘం పుస్తకం ముందు, కంప్యూటరు తరువాత

అడితి వ్యాపారి రెండవ సంపాదన అప్పు. విత్తనానికి, ఎరువుకు, ఇంట్లో పెళ్లికి వ్యాపారి సొమ్ము ఇస్తాడు. పంట వచ్చాక సరుకు తన అంగడికే రావాలన్నది మాట. ఈ మాటకు కాగితం వుండదు, కానీ కట్టుబాటు వుంటుంది. తెర మీద ఎక్కడో పది రూపాయలు హెచ్చు కనిపించినా అప్పు వున్న రైతు అటు వెళ్లలేడు. కనుక ధర తెలిసినంత మాత్రాన రైతుకు ఆ ధర చేతికి రాదు. అప్పు కట్టు వదిలినప్పుడే వస్తుంది.

ఈ విషయంలో ఓర్వకల్లు మండలం చూపిన దారి పరిశీలించదగినది. కంప్యూటరు పేరు పల్లెలో వినిపించకముందే, 1990వ దశకంలోనే, ఈ మండలంలో మహిళల పొదుపు సంఘాలు బలంగా వేళ్లూనుకొన్నవి. నెల్లూరు జిల్లాలో సారా వ్యతిరేక ఉద్యమం నుంచి పుట్టిన, రోజుకొక రూపాయి చొప్పున కూడబెట్టే పొదుపులక్ష్మి పద్ధతి రాష్ట్రమంతటా వ్యాపించిన కాలమది. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ తోడ్పాటుతో కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాలలో పేదరిక నిర్మూలన పథకం సాగింది. ఓర్వకల్లులో గ్రామ సంఘాలు కలిసి మండల ఐక్య సంఘంగా ఏర్పడినవి. వారం వారం సమావేశం, తీర్మానం, వసూలు, పుస్తకంలో పద్దు - ఇదీ వారి క్రమశిక్షణ. చదువురాని సభ్యురాలికి కూడా తన పొదుపు ఎంతో, తన అప్పు ఎంతో నోటికి చెప్పడం వచ్చింది.

బ్యాంకులు ఈ సంఘాలకు అప్పు ఇవ్వడానికి ముందుకు రావడానికి ఆ పుస్తకాలే ఆధారం. 2010లో సూక్ష్మ రుణ సంస్థల వసూళ్ల మీద గగ్గోలు పుట్టి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చిన తరువాత, 2011లో స్త్రీనిధి సహకార పరపతి సమాఖ్య ఏర్పడింది. సంఘం ఫోను ద్వారా అప్పు కోరితే 48 గంటలలో ఖాతాలో సొమ్ము వేయాలన్నది దాని లక్ష్యం. ఇది కంప్యూటరు, ఫోను లేకపోతే సాధ్యం కాదు. కానీ పదిహేనేళ్ల పుస్తకాల అలవాటు లేకపోయినా సాధ్యం కాదు. లెక్క సరిగా వున్నచోటనే యంత్రం పనికివచ్చింది.

దీని ప్రభావం అడితి అంగడి మీద ఎలా పడుతుందో ఒక ఉదాహరణ వేసి చూడవచ్చు. ఒక రైతు 50,000 రూపాయలు వ్యాపారి దగ్గర నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి అయిదు నెలలకు తెచ్చుకొన్నాడనుకొందాం. వడ్డీ 5,000 రూపాయలు. అదే సొమ్ము భార్య సభ్యురాలిగా వున్న సంఘం ద్వారా నూటికి రూపాయి వడ్డీకి దొరికితే 2,500 రూపాయలు. మిగులు 2,500. అతని సరుకు 40 క్వింటాళ్లయితే ఇది క్వింటాలుకు 62 రూపాయల 50 పైసలు. అప్పు కట్టువల్ల ధరలో క్వింటాలుకు మరో 100 రూపాయలు వదులుకొంటున్నాడనుకొంటే మొత్తం 162 రూపాయల 50 పైసలు. అంటే అప్పు ఇచ్చే వ్యాపారి అంగడిలో ధర బయటికంటే ఈ మేరకు తక్కువగా వున్నట్లే లెక్క. రైతు ఈ లెక్క కాగితం మీద వేయకపోవచ్చు. కానీ సంఘం సమావేశంలో వడ్డీ లెక్క ప్రతివారం వినే అతని భార్య వేయగలదు.

అయితే వ్యాపారి పక్షాన చెప్పవలసిన మాట కూడా వున్నది. అర్ధరాత్రి ఆస్పత్రి ఖర్చుకు తలుపు తట్టితే సొమ్ము ఇచ్చేది అతడే. వాన తప్పి పంట ఎండిన ఏడు బాకీని మరుసటి ఏటికి జరిపేది కూడా అతడే. వాయిదా తేదీ గడిస్తే అపరాధ వడ్డీ వేసే యంత్రానికి వాన సంగతి తెలియదు. రాయలసీమ వంటి కరువు నేలలో ఈ సడలింపుకు విలువ వున్నది. పల్లెలలో వ్యాపారి అప్పు తగ్గినా పూర్తిగా ఆగకపోవడానికి కారణం ఇదే.

పేరు లేని రైతు

కంప్యూటరు లెక్కలో పేరు వున్నవారికి మేలు జరుగుతున్నది. పేరు లేనివారి పరిస్థితి వేరు. మన రాష్ట్రంలో రిజిస్ట్రేషను కార్యాలయాలకు 1998 నవంబరులో కంప్యూటర్లు వచ్చినవి. 2011లో మీసేవ, 2015లో భూమి రికార్డులకు మీభూమి, 2019 అక్టోబరు 2 నుంచి గ్రామ సచివాలయాలు, 2020 మే 30 నుంచి రైతు భరోసా కేంద్రాలు వచ్చినవి. ఈ కేంద్రాలకు 2024లో రైతు సేవా కేంద్రాలన్న పేరు మారింది. ఏ సర్వే నంబరులో ఏ పంట వున్నదో ఈ-పంటలో నమోదు చేస్తున్నారు. ప్రభుత్వ కొనుగోళ్లకు, పంటల బీమాకు, నష్ట పరిహారానికి ఆ నమోదే ఆధారం.

భూమి సొంతదారు ఒకరు, దున్నేవారు మరొకరు అయినచోట చిక్కు వస్తున్నది. కౌలుదారుల కోసం 2019లో రాష్ట్రం పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చింది. దాని కింద 11 నెలల కాలానికి కార్డు ఇస్తారు. కానీ భూమి యజమాని సమ్మతి వుండాలి. సంతకం పెడితే భూమి మీద హక్కు పోతుందేమోనన్న భయంతో వెనుకాడే యజమానులు అనేకులు. కార్డు రాని కౌలుదారు పంట పండించినా, ప్రభుత్వ లెక్కలో రైతు కాడు. మద్దతు ధర కేంద్రం అతనికి తలుపు తీయదు. అతడు సరుకు తెచ్చి అమ్మేది అడితి అంగడిలోనే, ఆ నాటి బజారు ధరకే.

పత్తిలో ఇది మరింత స్పష్టంగా కనిపించింది. 2025-26 సీజనుకు మధ్యరకం పత్తి మద్దతు ధర క్వింటాలుకు 7,710 రూపాయలు, పొడవు పింజ రకానికి 8,110 రూపాయలు. భారత పత్తి సంస్థకు అమ్మదలచిన రైతు ముందుగా కపాస్ కిసాన్ అనే ఫోను యాప్‌లో నమోదై, ఏ రోజున తెస్తాడో తేదీ తీసుకోవాలని ఆ సీజనులో నిబంధన వచ్చింది. తేమ 8 శాతం వుంటే పూర్తి ధర, అంతకు మించితే ఆ మేరకు కోత, 12 శాతం దాటితే కొనుగోలు లేదు. అదే ఏడాది ఆగస్టు 19 నుంచి డిసెంబరు 31 వరకు విదేశీ పత్తిపై దిగుమతి సుంకం ఎత్తివేయడంతో మిల్లులకు బయటి పత్తి చవకగా దొరికే వీలు కలిగింది. అటువంటి ఏడు బజారు ధరకూ మద్దతు ధరకూ మధ్య ఎడం పెరుగుతుంది. ఫోనులో నమోదు వున్న రైతుకు మద్దతు ధర, లేని రైతుకు బజారు ధర అన్నమాట. ఒకే గట్టుకు ఇటూ అటూ పండిన పత్తికి రెండు ధరలు.

ఈ స్థితిలో కౌలుదారు సరుకును వ్యాపారి కొని, నమోదు వున్న మరో రైతు పేరిట ప్రభుత్వ కేంద్రానికి తరలించే ఆశ పుట్టడం సహజం. ఇది వ్యాపారం కాదు, నేరం. పైగా ఆధార్, బ్యాంకు ఖాతా, సర్వే నంబరు, తూకం చీటీ ఒకదానితో మరొకటి ముడిపడి వున్న ఈ రోజులలో ఎప్పుడో ఒకప్పుడు బయటపడే నేరం.

ఉల్లి నేర్పిన పాఠం

ధర తెలియడం వేరు, ధర రావడం వేరని 2025లో కర్నూలు ఉల్లి రైతులకు అనుభవమైంది. ఖరీఫు ఉల్లిలో నీటి శాతం హెచ్చు. నిల్వకు ఆగదు. తవ్విన కొద్ది రోజులలో అమ్ముకోక తప్పదు. ఆ సీజనులో సరుకు ఒక్కసారిగా యార్డుకు వచ్చిపడింది, పై రాష్ట్రాల ఉల్లి కూడా పోటీకి నిలిచింది, ధర పతనమైంది. రాష్ట్ర ప్రభుత్వం మార్క్‌ఫెడ్ ద్వారా క్వింటాలు 1,200 రూపాయలకు కొనుగోలు చేయించవలసి వచ్చింది. తరువాత హెక్టారుకు 50,000 రూపాయల సాయం ప్రకటించింది. తెర మీద ధర ప్రతి రైతుకూ కనిపిస్తూనే వున్నది. కానీ సరుకు ఆపుకొనే గిడ్డంగి లేనప్పుడు ఆ అంకె రైతుకు నష్టం ఎంతో ముందుగా చెప్పిందే తప్ప తప్పించలేదు.

కబురు వేగంగా నడవడంవల్ల మరో ఇబ్బంది కూడా వున్నది. ఒక యార్డులో ధర హెచ్చినట్లు తెలియగానే ఆ చుట్టుపక్కల సరుకంతా అదే రోజు అటే తరలితే, బండి చేరే వేళకు ధర దిగిపోతుంది. ఇదివరకు కబురు మెల్లగా నడిచినందువల్ల సరుకు కూడా మెల్లగా నడిచేది. అందరికీ ఒకే కబురు ఒకే క్షణంలో అందినప్పుడు, సరుకు నిల్వచేసి విడతలుగా పంపగలవాడే లాభపడతాడు.

ఓర్వకల్లు మారుతున్నది

ఓర్వకల్లు మెట్ట పొలాలు ఇప్పుడు కేవలం వేరుశెనగ పొలాలు కావు. గని, శకునాల గ్రామాల పరిసరాలలో 1,000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు 2017లో పూర్తయింది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరిట విమానాశ్రయాన్ని 2021 మార్చి 25న ప్రారంభించారు. 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 12 పారిశ్రామిక కేంద్రాలలో ఓర్వకల్లు ఒకటి. 2,621 ఎకరాలు, 2,786 కోట్ల రూపాయల వ్యయం దీనికి అంచనా. హైదరాబాదు - బెంగుళూరు పారిశ్రామిక నడవాలో ఇది భాగం.

వ్యాపారులకు దీనివలన రెండు పర్యవసానాలు. పరిశ్రమలు నిలబడితే కూలీల రాకవల్ల బియ్యం, పప్పు, నూనె, కూరగాయల స్థానిక గిరాకీ పెరగవచ్చు. ఇది లాభదాయకమే. మరో వైపు భూమి ధర మీద ఆశ పెరిగి, సాగు కౌలుదారుల చేతికి మరింతగా జారవచ్చు. పైన చెప్పుకొన్న పేరు లేని రైతుల సంఖ్య అప్పుడు తగ్గదు, పెరుగుతుంది. వారి సరుకు కొనే వ్యాపారి బాధ్యత కూడా ఆ మేరకు పెరుగుతుంది.

వర్తకులు గమనించవలసినవి

మొదటిది, చెల్లింపు. 2016లో వచ్చిన యూపీఐ చిల్లర అంగడి నుంచి యార్డు టీ బంకు దాకా పాకింది. సరుకు బిల్లులు మాత్రం పెద్ద మొత్తాలు. బ్యాంకుల మధ్య నెఫ్ట్ బదిలీ 2019 డిసెంబరు నుంచి, రెండు లక్షలు, ఆపై మొత్తాలకు ఆర్‌టీజీఎస్ బదిలీ 2020 డిసెంబరు నుంచి రాత్రి పగలు, సెలవు దినాలలో కూడా పనిచేస్తున్నవి. "బ్యాంకు మూసేశారు, సోమవారం రండి" అన్న మాటకు ఇక తావు లేదు. తూకం నాడే సొమ్ము వేసే అంగడికి రైతు తిరిగి వస్తాడు. ఫోనులో చెల్లించినట్లు చూపిన బొమ్మను నమ్మి సరుకు వదలరాదు. సొమ్ము తన ఖాతాలో జమ అయినదీ లేనిదీ స్వయంగా సరిచూసుకోవాలి.

రెండవది, పెట్టుబడి తిరుగుడు. ఇక్కడ ఒక లెక్క వేయవచ్చు. పది లక్షల పెట్టుబడి వున్న వ్యాపారి నూటికి ఒక రూపాయి మార్జినుతో, కొన్న సరుకు అమ్మి సొమ్ము చేసుకోవడానికి 20 రోజులు తీసుకొంటే, 300 పనిదినాలలో 15 తిరుగుళ్లు. రాబడి 1,50,000 రూపాయలు. మార్జిను 70 పైసలకే తగ్గినా, తిరుగుడు 10 రోజులకు తగ్గించగలిగితే 30 తిరుగుళ్లు. రాబడి 2,10,000 రూపాయలు. ఖర్చులు రెండింటా విడిగా తీసివేయాలి. కబురు తేడావల్ల వచ్చే మార్జిను తగ్గినప్పుడు, సొమ్ము వేగంగా తిప్పడం ఒక్కటే దానిని పూడ్చే మార్గం. కంప్యూటరు బిల్లు, వెంటనే చెల్లింపు, వెంటనే వసూలు ఇందుకు తోడ్పడతాయి. ఒక చేతి బాకీ నిలిచిపోతే మొత్తం లెక్క తలకిందులవుతుంది.

మూడవది, పద్దులు. 2017 జులైలో జీఎస్టీ, 2018 ఏప్రిల్ నుంచి 50,000 రూపాయలు దాటిన సరుకు రవాణాకు ఈ-వే బిల్లు వచ్చినవి. పన్ను లేని సరుకులకు మినహాయింపులు వున్నవి. ఏ సరుకు దేని కింద వస్తుందో ముందుగానే తెలుసుకొని వుండడం మేలు. 2017 ఏప్రిల్ నుంచి ఒకే వ్యక్తి వద్ద ఒకే రోజు రెండు లక్షలు, ఆపైన నగదు పుచ్చుకోవడం నిషిద్ధం. తెల్ల చీటీ మీద నడిచిన లావాదేవీ ఎక్కడో ఒకచోట యంత్రం కంటపడుతున్నది. నిజమైన పద్దు వున్న వ్యాపారికి అదే యంత్రం బ్యాంకు అప్పు తెచ్చిపెడుతున్నది. పొదుపు సంఘాల మహిళలు తమ పుస్తకాలు చూపి బ్యాంకు అప్పు తెచ్చుకొన్న పద్ధతే ఇక్కడా వర్తిస్తుంది.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది, నాణ్యం. దూరపు మిల్లుకు సరుకు పంపే వ్యాపారి, తాను చెప్పిన తేమకూ, దించినప్పటి తేమకూ తేడా లేకుండా చూసుకొంటే, అతని పేరే ఆ మిల్లుకు పరీక్ష పత్రం అవుతుంది. లాట్లను రకాలవారీగా విడదీయడం, ఆరబెట్టడం, మట్టి తూర్పారపట్టడం, గిడ్డంగిలో ఆపి విడతలుగా పంపడం - ఇవేవీ ఫోను చేసే పనులు కావు. ఇంతకాలం అడితిలో ఈ పనులకు విడిగా ధర కట్టలేదు. కమీషనులో కలిసిపోయి వుండేవి. ఇకమీదట విడిగా కట్టవలసిందీ, అడగవలసిందీ వీటికే.

కంప్యూటరు వచ్చిందని అంగడి మూసుకొన్నవారు లేకపోలేదు. అయితే వారిలో చాలామంది కబురు మీదనే బతికినవారని యార్డులో పెద్దలకు తెలుసు. రాబోయే సీజను సరుకు యార్డు గేటుకు చేరేలోగా ప్రతి వ్యాపారీ గడచిన ఏటి ఆవర్జా తీసి ఒక లెక్క వేసుకోవడం మంచిది. వచ్చిన లాభంలో ధర ముందుగా తెలిసినందువల్ల వచ్చినదెంత, అప్పు వడ్డీవల్ల వచ్చినదెంత, సరుకు బాగుచేసి పంపినందువల్ల వచ్చినదెంత అన్నది విడదీయాలి. మొదటి పద్దులో వున్న మొత్తాన్ని ఇక రాదనే అనుకోవాలి. రెండవ పద్దులో ఏటేటా కొంత తగ్గుతుందని అంచనా వేసుకోవాలి. మూడవ పద్దులో వున్నది ఎంత చిన్న మొత్తమైనా, ఈ సీజను పెట్టుబడి పెట్టవలసింది దాని మీదనే.